ఊపిరి తెలిసిన పటకా

నేను ఒక నడుం పటకాను. మంచం పట్టి లేచినవాళ్ల నడుముకు కట్టి, వెనకనుంచి పట్టుకుని నడిపించడానికి నేసిన దళసరి నూలు పట్టీని. నవంబరు పన్నెండున పేర్రాజు మేస్త్రి ఉప్మా పెసరట్టు తిని మా కాకినాడ ఫిజియోథెరపీ కేంద్రానికి వచ్చాడు. పొట్టను చుట్టుకుని ఉండేదాన్ని, ఆమాత్రం తెలియదా!

అంతకుముందు నా కథ చిన్నదే. మరమగ్గం మీద పుట్టాను. బస్తాలు కట్టే పట్టీలూ నేనూ ఒకే తానులోంచి తెగాం. వాటికి బరువు మొయ్యడం రాసిపెట్టి ఉంది. నాకు మాత్రం మొయ్యకుండా ఉండటమే పని. ఆ తేడా నేర్పింది అసిస్టెంటు ఎస్తేరు. ఎవరికి ఏ వ్యాయామమో నిర్ణయించేది డాక్టర్ నళిని. దాన్ని రోజూ చేయించి, ఏం కుదిరిందో ఏం కుదరలేదో ఆవిడకు చెప్పేది ఎస్తేరు. నన్ను రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టి, రోగికి బలం తగ్గిన పక్కన, అరడుగు వెనక నిలబడుతుంది. చెయ్యి నా మీద ఉంటుంది, లాగదు. పడబోతే ఆపడానికే ఆ చెయ్యి. బంధువులైతే ప్రేమ కొద్దీ రెక్క పుచ్చుకుని లేవదీస్తారు, ఉన్న నొప్పికి భుజం నొప్పి కలిపి ఇంటికి తీసుకుపోతారు.

పేర్రాజు పెళ్లివంటల మేస్త్రి. పక్షవాతం ఆయన కుడికాలిని చచ్చుబరిచింది. మాఘంలో ముహూర్తాలున్నాయి. అప్పటికి పొయ్యికీ పొయ్యికీ మధ్య తనంతట తాను తిరగలేకపోతే జట్టు ఇంకో మేస్త్రి కిందికి వెళ్లిపోతుంది. కాలికి బలం వచ్చింది. అయినా నాలుగడుగులకే కొయ్యబారేవాడు.

"పట్టుకున్నావా అమ్మాయ్?"

"పట్టుకున్నానండి."

"గట్టిగా పట్టుకో. నేను మీద పడ్డానంటే నువ్వు అప్పడమే."

ఒకరోజు ఎస్తేరు నా వదులు చూడబోతే వేళ్లు దూరలేదు. అడుగు వేసే ముందు మేస్త్రి ఊపిరి బిగబడుతున్నాడు! మరిగే గంగాళం దించేటప్పుడు వంటవాళ్లు చేసేది అదే. అలా బిగిస్తే గంగాళం లేస్తుంది కాని అడుగు పడదు.

"మేస్త్రిగారూ, మా ఇంట్లో పప్పూ చింతపండూ ఒకేసారి పొయ్యి మీద పడేస్తామండి," అంది ఎస్తేరు.

"అయ్యబాబోయ్! పులుపు తగిలితే పప్పు ఉడుకుద్దా అమ్మాయ్? ఇంటిల్లిపాదీ గులకరాళ్లు తింటన్నారా?"

తిడుతూ తిడుతూ గది ఆ చివరికి వెళ్లిపోయాడు. తిట్టేవాడు ఊపిరి బిగబట్టలేడు కదా.

ఆ సంగతి విని డాక్టరమ్మ నవ్వి, మాట్లాడిస్తూనే నడిపించమంది. ఎస్తేరు రోజుకో కూర చెడగొట్టింది, నోటితోనే. మధ్యాహ్నం ఆమె డబ్బా తెరిస్తే మాత్రం గదంతా ఘుమఘుమలాడేది.

పుష్యం చివర్లో డాక్టరమ్మ, "ఇవాళ పటకా వద్దు," అంది. నన్ను కుర్చీ మీద పెట్టారు. మేస్త్రి లేచాడు. ఎస్తేరు అదే అరడుగు వెనక, ఖాళీ చేతులతో. గది మధ్యలో ఆయన ఆగిపోయాడు. భుజాలు పైకి లేచాయి. ఊపిరి బిగిసింది, అది నాకు ఎంత దూరంనుంచైనా తెలుస్తుంది. ఆమె చేతులు చాచింది కాని నోరు విప్పలేదు. పెళ్లిపందిట్లో ఆయన్ని ఎవరు మాట్లాడిస్తారు?

"ఒరేయ్," అన్నాడు మేస్త్రి, అక్కడ లేని తన జట్టుతో. "పులిహోరకి అన్నం ఆరబోశారా? వేడి మీద కలిపితే ముద్దయిపోద్దిరా!"

కాలు కదిలింది. వాళ్లను కేకలేస్తూనే కిటికీ దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చున్నాడు. ఎస్తేరు అప్పుడు దించింది చేతులు.

సాయంత్రం నన్ను సబ్బునీళ్లలో ఉతికి ఆరేసింది. రేపు ఇంకో నడుము. నన్ను కట్టుకున్నవాళ్లకు నాతో పని తీరిపోవాలనే కోరుకుంటాను. అందరికీ తీరదు. తీరినవాళ్ల చెమట మాత్రం ఉతికినా నాలో కొంచెం మిగులుతుంది.

వరండాలో వాచ్‌మన్ అప్పటికే కునుకు తీస్తున్నాడు. ఎస్తేరు లైటు ఆర్పి, తలుపు చప్పుడు కాకుండా మూసింది.