జిగురు చచ్చిన రోలరు

సుకుబాలోని ప్రయోగశాలలకు చేతి తొడుగులు, ముసుగులు, దుమ్ము తీసే జిగురు రోలర్లు అమ్మడం నా వ్యాపారం. నా లెక్కలో మనుషులు రెండే రకాలు, సరుకు తొందరగా ఖర్చు చేసేవాళ్లు, చెయ్యనివాళ్లు. ఒగినో సాన్ రెండో రకానికి పెద్ద దిక్కు. ఒక ప్రయోగశాలకు అధిపతి అయ్యుండీ జేబులో చిన్న రోలరు పెట్టుకు తిరుగుతాడు. బల్ల మీద, కోటు మీద, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి భుజం మీద కూడా దొర్లిస్తాడు. అంత వాడకమున్నా పై పొర చింపి కొత్తది బయటికి తియ్యడు. జిగురు చచ్చినా అదే. ఇలాంటి ఖాతాదారు వల్ల నాకేం మిగులుతుంది?

ఆయన కింద పనిచేసే మియోషి సాన్ కార్బన్ నానో గొట్టాలతో పలకలు చేస్తుంది. కంటికి ఆనని ఆ సన్నని గొట్టాలన్నీ కలిసి గాజు మీద నల్లటి పట్టుగుడ్డలా పరుచుకుంటాయి. గాలి తీసేసిన పెట్టెలో పెట్టి విద్యుత్తు ఇస్తే గొట్టాల కొనల నుంచి ఎలక్ట్రాన్లు దూకి, ఎదురుగా ఉన్న తెర పచ్చగా వెలగాలి. కానీ ఆమె పలకల్లో గొట్టాలు బద్ధకంగా పడుకునే ఉండేవి. తెర మీద అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. ఎక్స్‌రే యంత్రాలు చేసే యొకొహామా కంపెనీవాళ్లు శుక్రవారం చూడటానికి వస్తున్నారు. వాళ్లడిగిన వోల్టేజీకి తెర నిండుగా వెలగకపోతే ఈ పని మూసేసి, మియోషిని రంగుల విభాగానికి పంపేస్తారు.

అతిథులొచ్చే ముందు రోజు చిన్నా పెద్దా అంతా గుడ్డలు పట్టుకుని ప్రయోగశాల తుడుస్తున్నారు. తొడుగులు దించి వెళ్లబోతుంటే మియోషి నన్ను మెట్ల దగ్గర ఆపి జరిగింది చెప్పింది. తుడిచే హుషారులో ఒగినో సాన్ ఒక పలక మీద నూలుపోగు చూసి, దాని మీద కూడా రోలరు దొర్లించేశాడట. పలకలను ఎవరూ తాకరాదని గోడకు రాసి పెట్టింది ఆయనే. పెద్దాయనతో ఆ మాట అనలేక ఆమె నోరు మూసుకుని పలకను పెట్టెలో పెట్టింది. తెరంతా వెలిగింది, అదీ సగం వోల్టేజీకే. జిగురు లాగేసరికి పడుకున్న గొట్టాలు లేచి నిలబడ్డాయన్నమాట.

ఆ పలకనే చూపించవచ్చు గదా అన్నాను. వచ్చేవాళ్లు పలకను తామే ఎంచుకుంటారట.

"అయితే ఏం? నా దగ్గర రోలర్లు బోలెడున్నాయి."

"మీ కొత్తదాంతో చేసి చూశాను, సుగియురా సాన్. పలక మీది గొట్టాలన్నీ ఊడి రోలరుకే అంటుకున్నాయి. పోనీ జిగురు తగ్గుతుందని నా కోటు మీద దొర్లించి చూస్తే, కోటు నూలంతా పలకకెక్కింది. ఆయన జేబులోదే కావాలి."

ఆమె అడిగితే, మీరు నియమం తప్పారని ఆయన ముఖాన అన్నట్టే. అందుకని నేనే వెళ్లాను. పాతది ఇస్తే కొత్తది ఊరికే ఇస్తానన్నాను.

"మీరా? ఊరికేనా?" అంటూ ఒగినో సాన్ రోలరును జేబులోకి ఇంకా లోతుగా తోసుకున్నాడు. "దీంట్లో ఏముందో తెలిసేదాకా ఇవ్వను."

బజారులో నా పరపతి అలాంటిది.

శుక్రవారం అతిథుల పాదాలకు తొడిగే సంచులు తెచ్చిన వంకతో నేనూ ఆ గదిలోనే నిలబడ్డాను. వాళ్లు ఒక పలకను ఎంచుకున్నారు. మియోషి దాన్ని సర్దుతున్నట్టు వంగి, తన స్వెట్టరు పోగొకటి దాని మీద జారవిడిచింది. ఒగినో సాన్ చెయ్యి జేబులోకి వెళ్లి ఆగిపోయింది. ఆయన నియమం ఆయన ఎదురుగానే గోడ మీద ఉంది. ఇంతలో అతిథుల్లో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, పలక మీద ఏదో పడినట్టుందని మర్యాదగా అన్నాడు. ఒగినో సాన్ గోడను చూశాడు, పోగును చూశాడు. ఇక ఉండబట్టలేక రోలరు తీసి, నిద్రపోయే పిల్లి వీపు నిమిరినట్టు ఒక్కసారి దొర్లించాడు.

"ఇది కూడా మీ పద్ధతిలో భాగమేనా?" అని అతిథి అడిగాడు.

మియోషి తల వంచింది. "ఆఖరి పని అదేనండీ. చెయ్యి తిరిగింది మాత్రం ఒగినో సాన్ ఒక్కరికే."

తెర అంచుల దాకా వెలిగింది. వోల్టేజీ ముల్లు వాళ్లడిగిన గీతకు చాలా కిందే ఉంది. నమూనా పలకలు పంపమని చెప్పి, వాళ్లు వంగి వంగి నమస్కరించి వెళ్లారు.

తలుపు పడగానే ఒగినో సాన్ మావైపు తిరిగాడు.

"ఆ పోగు ఈ గదిది కాదు. ఈ గదిలో ఉన్న ప్రతి పోగూ నాకు తెలుసు."

మియోషి నడుము దాకా వంగిపోయింది. నేను తలుపు ఎంత దూరమో చూసుకున్నాను. ఆయన రోలరును వేలితో నొక్కి చూసి, నేను దాన్ని ఎందుకడిగానో అర్థమైనట్టు తల ఊపాడు.

"పంపాల్సిన పలకలు చాలానే ఉన్నాయి. ఇదొక్కటి ఎన్నాళ్లు వస్తుంది? జిగురు ఇంత చక్కగా చావాలంటే నెలలు పడుతుంది," అన్నాడు దిగులుగా. "సుగియురా సాన్, కొత్తవి ఒక పెట్టె పంపండి. మామూలు ధరకే."

పంపాను. ఇప్పుడా ప్రయోగశాలలో ఏ సమావేశం జరిగినా అందరూ తలో రోలరు పట్టుకుని బల్ల మీద దొర్లిస్తూ మాట్లాడతారు. ఒగినో సాన్ మధ్యమధ్య లేచి ఒక్కోటీ వేలితో తాకి, ఇంకా చావలేదని తల అడ్డంగా ఊపుతాడు.