లాభం నుంచి పన్నెండు దాకా

నాకు కోపం ఎక్కువని స్టాఫ్‌రూమంతా అంటుంది. నిజమే. కానీ మూడు నెలలుగా ఆ కోపం తెప్పిస్తున్నది సురేంద్రబాబే.

ఉదయగిరిలో నేను, ఆత్మకూరులో అతను కంప్యూటర్ టీచర్లం. వింజమూరులో కలిసి చదువుకున్నాం కాబట్టి మొహమాటాల్లేవు. పిల్లల కోసం తెలుగులోనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేస్తున్నాం. అంతా కుదిరింది, అర్రే దగ్గర పీటముడి పడింది. ఒకే పేరు కింద వరుసగా గళ్లు పెట్టుకోవడమే అర్రే. పన్నెండు గోతాల బరువులు రాయాలంటే, 'వరుస గోతాలు, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా' అని ముందే చెప్పాలి. మరి మొదటి గడిని ఏమనాలి?

"సున్నా అనే పెట్టాల విజయా. లోకమంతా అట్నే చేస్తన్నారు," అన్నాడు.

"లోకమంతా గడ్డి తింటే మనమూ తినాల్నా? మా నాయన లాభం అనేవాడు. అదే పెడతా."

మా నాయన నారాయణయ్య కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనేవాడు కాదు. శుభమని 'లాభం' అనేవాడు, ఆ తర్వాత రెండు, మూడు. గోతం మూతి పట్టుకుని నిలబడేదాన్ని నేను. ఒకసారి నోరుజారి 'ఒకటి' అన్నానని, పోసిన వడ్లన్నీ కుమ్మరించి మళ్లీ మొదలుపెట్టాడు. మహా చాదస్తం. ఆయన పోయి నాలుగేళ్లు. ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఈ భాషలోనైనా ఆయన మాట బతకాలని నా పట్టు.

పిల్లలు తడుముకోకుండా ఏది రాస్తే అదే ఉంచుదామని ఒప్పందం చేసుకున్నాం. శుక్రవారం నా ఎనిమిదో తరగతిలో రెండు పద్ధతులూ బోర్డు మీద రాసి వివరించాను. తర్వాత తుడిచేసి, టైపు చేయమన్నాను. సురేంద్రబాబు సెలవు పెట్టి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

సున్నా ఒక్కరూ రాయలేదు. లాభమూ ఒక్కరూ రాయలేదు. అందరూ '1 నుంచి 12' అని రాశారు. మా భాషకు ఆ రెండు పద్ధతులే తెలుసు కాబట్టి కంప్యూటర్లన్నీ తప్పు తప్పు అంటున్నాయి.

"లాభం అని ఎందుకు రాయలేదే?" ముందు బెంచీ ఏంజెలిన్‌ను అడిగాను.

"అట్టా ఎవురూ లెక్కబెట్టరు గదా మేడం. మా ఇంట్లో వడ్లు కాటా మీద పెడతారు."

పిల్ల తప్పేముంది?

సురేంద్రబాబు పక్కకొచ్చాడు. "నాది పోయిందిలే. నీది ఉంచుకుందాం, ఎవురడిగేది?" అన్నాడు మెత్తగా.

"మాటంటే మాటే," అని నేనే కూర్చుని మా భాష కోడ్‌లో లాభం చెరిపేసి 1 పెట్టాను. అందరి ప్రోగ్రాములూ ఒక్కసారిగా నడిచాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం నాయన రెండోసారి పోయినట్టయింది. వాళ్ల ముందే ఏడ్చేశాను.