నలభై మూడో పళ్లెం

నాగవ్వ ఏనాడూ ఏదీ రాసి ఎరుగదు. మూడో తరగతిలో పలక పగిలింది, చదువు అక్కడితోనే ఆగింది. సంతకం మాత్రం పెడుతుంది, అదీ ఎవరూ చూడకుండా చెయ్యి అడ్డం పెట్టుకొని. బోధన్ దగ్గరి ఆ ఊరి బడిలో పదకొండేళ్లుగా పిల్లలకు మధ్యాహ్నం వండిపెడుతోంది. ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే పొయ్యిలోకి చూస్తూ మాట్లాడుతుంది.

నిరుడు బడికి ట్యాబ్ వచ్చింది. దాన్ని చేతులు కడిగే నల్లా పక్కన గోడకు బిగించారు. పిల్లలు తిన్నాక పళ్లెం దాని ముందు పట్టాలి. ఖాళీగా ఉంటే తెర మీద పచ్చని ఆకు, ఏమైనా మిగిలిస్తే ఎర్రచుక్క. వంటలో ఏమేం వేశారో హెడ్‌మేడం జ్యోతిరాణి రోజూ అందులో రాస్తే ఊళ్లో తల్లిదండ్రుల ఫోన్లకు పోతుంది.

మొదటి నెలంతా ఎర్రచుక్కలే. బడి పెరట్లో పిల్లలే నీళ్లు పోసి పెంచిన పాలకూర, పప్పులో వేస్తే ఒక్కరూ ముట్టలేదు. నాగవ్వకు తల కొట్టేసినట్టయింది. చందూర్‌లో ఆమె తమ్ముడు హన్మండ్లు బెల్లం వండుతాడు. అతనిచ్చిన బెల్లం గుప్పెడు తెచ్చి పప్పులో కలిపింది. ఆ రోజు పిల్లలు పళ్లేలు నాకారు. తెర నిండా ఆకులే.

"ఏం మంత్రమేసినవే నాగవ్వా?" అంది మేడం.

నాగవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వింది. చెప్పలేదు. ఆనాటి నుంచి రోజూ పప్పులో గుప్పెడు బెల్లం వేసింది.

ఐదో తరగతి సుమనకు షుగర్ ఉన్న సంగతి ఆమెకు తెలియక కాదు. పంద్రాగస్టు నాడు పిల్ల చేతిలోని లడ్డు తనే తీసేసుకుంది. కానీ షుగర్ చక్కెరతో కదా వచ్చేది, బెల్లంతో ఏమవుతుంది? బాలింతలకు పెట్టేదే అది. చెరుకు పండే ఊళ్లలో బెల్లాన్ని ఎవరూ అనుమానించరు.

సుమన తల్లి శైలజ రోజూ ఫోన్ చూసుకొనే ఇన్సులిన్ సూది ఎంత వేయాలో లెక్క కట్టేది. ఫోన్‌లో అన్నం, పప్పు, పాలకూర ఉండేవి. బెల్లం ఉండేది కాదు. కార్తీకంలో పిల్లను నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. పిల్ల ఇంటికి రాలేదు. దినాల నాడు డాక్టరన్న మాట ఎవరో చెప్తుంటే నాగవ్వ విన్నది. ఒంట్లోకి పోయాక బెల్లమైనా చక్కెరైనా ఒక్కటేనట.

అయినా బెల్లం ఆపలేదు. ఆపితే ఎందుకని అడుగుతారు.

దినాలైన మర్నాటి నుంచి బడిలో నలభై ఇద్దరు తింటే తెర మీద నలభై మూడు పళ్లేలు వచ్చేవి. చివరిది సుమనది, అంచు సొట్టపోయిన స్టీలు పళ్లెం. అన్నం తిని ఉండేది. పప్పు పెట్టింది పెట్టినట్టే.

"సుమన ఇయ్యాల గూడ పప్పు ఇడిశింది," అన్నాడు రెండో తరగతి బంటి చేతులు కడుగుతూ.

"దాని సంగతి నీకెందుకురా, నీ మూతి కడుక్కో," అంది వెనకనున్న పిల్ల.

మేడం నలభై మూడని రాసుకొని పోయేది.

మాఘంలో ఒక మధ్యాహ్నం శైలజ బిడ్డ పుస్తకాలు తీసుకుపోదామని వచ్చింది. తెర మీది సొట్ట పళ్లెం చూసి ఆగిపోయింది.

"పప్పంటే పానమిడిశేది గదా మేడం, ఎందుకు తింటలేదు?"

"మూన్నెల్ల సంది గంతే శైలజా."

"నా మీద కోపమేమో. సూది నేనే తక్కువేసిన. నా శేతులతోనే సంపుకున్న." ఏడవలేదు. ఊరికే అన్నది, అలవాటైన మాటలా.

వంటగదిలో పప్పు గిన్నె తోముతున్న నాగవ్వకు ఆ మాట వినిపించింది.

పిల్లలు ఇళ్లకు పోయాక నాగవ్వ ట్యాబ్ ముందు నిలబడింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వేలితో నొక్కింది. గంట పట్టింది.

"నేను రోజు పప్పుల బెల్లం ఏసిన. ఎవ్వలకు చెప్పలే. శైలజ సూది సరిగనే ఏసింది. తప్పు నాది. నాగవ్వ."

మేడం వచ్చి చదివింది.

"ఇది పోయినంక నీ పని ఉండదే."

"ఎరుకే మేడం."

"రేపు జూద్దాం తియ్యి."

"రేపటికి నాకు ధైర్యముండదు," అని నాగవ్వ ఫోన్లకు పంపే మీట తనే నొక్కింది.

ఊరంతా ఫోన్లు మోగాయి. కాసేపటికి అవతలి గల్లీలోంచి శైలజ ఏడుపు వినిపించింది. బిడ్డ పోయాక ఆమె నోరు తెరిచి ఏడ్వడం అదే మొదలు.

మర్నాడు పొద్దున నాగవ్వను రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. వచ్చింది. పొయ్యి ముట్టించింది. పప్పు, పాలకూర, ఉప్పు, పసుపు వేసింది. ట్యాబ్ దగ్గరికి పోయి ఆ నాలుగు మాటలే రాసింది.

ఇంకా ప్రార్థన గంట కూడా కొట్టలేదు. తెర మీద సొట్ట పళ్లెం వచ్చింది. పప్పు చుక్క కూడా లేకుండా తుడిచినట్టుంది. అడుగున నాలుగు చిన్న వేళ్ల చారలు, పక్కన పచ్చని ఆకు.

ఎంగిలి పళ్లెం అలా ఉండకూడదని నాగవ్వ కడగడానికి చెయ్యి చాపింది. చల్లని అద్దం తగిలింది. కొంగు తడిపి ఆ అద్దాన్నే మెల్లగా తుడిచింది.