పూజలో ఉన్న ట్యాబ్

మా పెళ్లై మూడు నెలలు. నరేందర్ నాకోసం కొన్న ట్యాబ్‌ను ఇప్పుడు మా అత్తమ్మ కౌసల్యమ్మే ఎక్కువ వాడుతోంది. నాకదెంత ముద్దుగా ఉంటుందో! మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం చాప మీద చేరి, ఇంటర్నెట్ పత్రికలో సీరియల్ చదువుతాం. ఇంటి మీదుగా విమానం పోతే ఆగుతాం, మోత తగ్గాక మళ్లీ మొదలుపెడతాం.

సీరియల్‌లో సుగుణ బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. ఆమె భర్తకు బొంబాయి బదిలీ అయింది. కొట్టు మూసి వెంట వెళ్లాలా, ఇక్కడే ఉండి నడుపుకోవాలా? పోయిన వారం రచయిత్రి ఆ మాట పాఠకుల్నే అడిగింది. నవమి నాటి సాయంత్రం ఆరులోపు ఎక్కువమంది ఏది రాస్తే కథ అటు నడుస్తుందట.

"మనల్ని అడిగిందా? మనల్నా?" అని అత్తమ్మ మూడుసార్లు అడిగింది. ఏం రాయించాలో వారమంతా ఆలోచించింది.

నవమి పొద్దున నేను తలస్నానం చేసి వచ్చేసరికి, సరస్వతి పటం ముందు పుస్తకాల పైన ట్యాబ్ ఉంది. దానికి పసుపు, కుంకుమ, నెత్తిన బంతిపువ్వు. అక్కడ పెట్టినవి దసరా పొద్దుటిదాకా ముట్టకూడదు, అప్పటిదాకా చదవడం, రాయడం కూడా కూడదు.

"అత్తమ్మా, గిది గూడ పెట్టిన్రా?"

"పుస్తకాలన్నీ దాంట్లనే ఉన్నయంటివి గద బిడ్డా. దాన్ని ఇడిచిపెట్టి ఉత్త పంచాంగం పెడితె అమ్మవారు ఏమనుకుంటది?"

"మరి సుగుణ?"

అత్తమ్మ చేతిలో కుంకుమ భరిణె అట్లాగే ఆగిపోయింది. "అయ్యో! ఇయ్యాలనే గద!"

నా ఫోనూ నరేందర్ ఫోనూ కూడా ఆయుధ పూజలోకి వెళ్లిపోయాయి. వాకిట్లో బండి కడుగుతున్న నరేందర్ పగలబడి నవ్వాడు. "నువ్వే పెట్టినవ్, నువ్వే తియ్యి అమ్మా."

"తియ్య. పెట్టినంక తియ్యరు."

అన్నది కానీ, ఆమె మనసు పటం దగ్గరే ఉంది. సాయంత్రం గారెలు వేస్తూ రెండు మాడ్చింది. మూడోది తిప్పుతూ మెల్లగా అంది, "ఈడు పుట్టినప్పుడు నేను నా కుట్టుమిషిన్ అమ్మేసిన అనూ. ఎవ్వలూ వద్దనలే. ఒక్కలన్న అంటె ఉంచుకుందును."

ఈ మాట ఎట్లాగైనా సుగుణకు చేరాలి. అప్పుడు గుర్తొచ్చింది, మేడ మీద కిరాయికి ఉండే ఝాన్సీ! వాళ్లది భీమవరం వైపు. వాళ్లింట్లో పూజ ఎప్పుడో?

అత్తమ్మ చేయి పట్టుకుని పైకి లాక్కెళ్లాను.

"మేం మూలా నక్షత్రం నాడే పెట్టుకుని, మర్నాడు తీసేశామండి," అంటూ ఝాన్సీ ల్యాప్‌టాప్ తెరిచింది. "చెప్పండి పిన్నిగారూ, నేను కొడతాను."

వెనకే వచ్చిన నరేందర్ ఊరుకుంటాడా? "అమ్మా, రాయించుడు గూడ తప్పే."

"నేను ముట్టలే, చూడలే. నోరు పూజల పెట్టలే గద!" అని అత్తమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. "రాయి బిడ్డా. సుగుణా, కొట్టు మూయకు. మొగడు బొంబాయికెళ్లి నెలకోపారి వస్తడు. మిషిన్ పోతే మళ్ల రాదు."

"'కుట్టుమిషను పోయినచో తిరిగి లభించదు' అని పెట్టనా? బాగుంటుంది."

"వద్దు! సుగుణకు నేను మాట్లాడినట్టే వినపడాలె."

ఝాన్సీ నవ్వుతూ అట్లాగే కొట్టింది. ఆరుకు పది నిమిషాలుంది. "కానీ పిన్నిగారూ, నేను మాత్రం సుగుణ వెళ్లాలనే రాస్తాను. కొత్త కాపురం కదండీ."

"రాసుకో, ఓడిపోతవ్."

నేనెటో ఎవరూ అడగలేదు. నరేందర్ మాత్రం నావైపు చూసి కనుబొమలెగరేశాడు. బొంబాయేమిటి, ఇతనితో నేను ఎంత దూరమైనా నడిచే వెళ్తాను. కానీ ఆ సాయంత్రం నా ఓటు అత్తమ్మకే.

ఇంతలో ఝాన్సీ కేక వేసింది. "పిన్నిగారూ! రచయిత్రి మీకు జవాబు రాశారు! చదవనా?"

అత్తమ్మ రెండు చెవులూ మూసుకుంది. "వద్దు వద్దు. నాకు రాసింది నేనే చదువుకుంట, రేపు పొద్దుగాల." మెట్ల దాకా వెళ్లి, ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. "తిట్టిందా?"

"లేదండీ. చాలా సంతోషపడ్డారు."

"ఇగ చాలు," అని అత్తమ్మ చెంగు సర్దుకుని, ఒక్కో మెట్టూ పెళ్లికూతురిలా దిగింది.