ఎర్రనాచు కోత రోజు

"ఎవరు పోతున్నారని వేయిస్తున్నావమ్మా అంత బార్లీ?" మా ఆయన మూడోసారి అడిగాడు.

"తినేవాళ్లు తింటారు," అంది మా అత్త, పెనం మీంచి చూపు తిప్పకుండా.

"మనింట్లో ఎవరూ కొండెక్కడం లేదు. నిన్ననే చెప్పాను."

"చెప్పావు, విన్నాను. నీ చెప్పడం అయిపోయింది. నా వేయించడం ఇంకా అవలేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పవేం?"

"తిరగలి చప్పుడులో ఏమీ వినపడటం లేదు," అన్నాను. మా అమ్మాయి దూహ్వా జల్లెడ వెనక మొహం దాచుకుని నవ్వింది.

ఆయన గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చాడు. "ఓట్ల రోజు బల్ల దగ్గర కూర్చునేది నేను. నా ఇంటివాళ్లే ఊళ్లో లేకపోతే పోలీసులు నన్నేం చేస్తారో తెలుసా?"

"కూర్చుంటే కొండమీది వాళ్లేం చేస్తారో అదీ తెలుసు," అంది అత్త.

పక్క ఊరి గుమాస్తా ఓట్ల పని ఒప్పుకున్నందుకు ఈ ఓట్లు వద్దని తిరగబడి కొండల్లో ఉంటున్నవాళ్లు దిగి వచ్చి అతన్ని ఇంటిముందే పొడిచి వెళ్లారు. ఆ పైఊరి గుమాస్తా పని మానేస్తానంటే పోలీసులు లారీ ఎక్కించారు. లారీ తిరిగొచ్చింది, అతను రాలేదు. మా ఆయన కో తేబోంగ్ పదకొండేళ్లుగా కమున్యో ఊరి గుమాస్తా. దస్తూరీ బాగుందని జపాను వాళ్లు పెట్టారు. ఆ దస్తూరీ కోసమే అమెరికా వాళ్లు ఉంచారు. ఊళ్లో ఒకరిని ఎదిరించి ఎరగడు. పెళ్లయిన కొత్తలో నాకది మంచితనంలా కనిపించేది.

అది నలభై ఎనిమిది మే నెల ఏడో తేదీ. పదో తేదీన ఓట్లు. జపాను వాళ్లు పోయి మూడేళ్లయినా మా జేజు దీవికి మా ప్రభుత్వమంటూ రాలేదు, అమెరికా సైన్యమే ఏలుతోంది. దేశానికి అడ్డంగా ఒక గీత గీసి, గీత కిందివాళ్లకి మాత్రం ఎన్నికలన్నారు. గీత పైన మా చెల్లెలుంది. ఇంటికొకరైనా ఉన్నారు అలా. ఓటేస్తే ఆ గీతని మా చేత్తో మేమే ఖాయం చేసినట్టు.

పేర్లు రాయించుకోమని ఏప్రిల్లో పోలీసులు ఇల్లిల్లూ తిరిగారు. పేరివ్వని వాళ్లకి బియ్యం కార్డు లేదన్నారు. ఇచ్చాం. పేరుతో పాటు మా ముద్రలూ అడిగారు. మా దగ్గర సంతకం లేదు, మనిషికో చిన్న చెక్క ముద్రే. మనిషి ఒప్పుకున్నాడనడానికి అదే గుర్తు. ఓట్లయ్యాక ఇస్తామని వాటినన్నిటినీ ఒక పెట్టెలో పోసి మా ఆయన చేతికిచ్చారు.

ఇక మాకు మిగిలింది కొండే. ఓట్ల రోజు ఊరంతా కొండమీది గడ్డి మైదానాల్లోకి పోయి కూర్చోవాలి. వేయించి విసిరిన బార్లీ పిండైతే పొయ్యి అక్కర్లేదు, పొగ రాదు, చన్నీళ్లలో కలుపుకు తాగొచ్చు. అందుకే అత్త పెనం ఎక్కించింది. ఒక్క ఇంటి వాసన ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాం. నూట ఇరవై ఇళ్ల వాళ్లమూ అదే అనుకున్నాం. అదే రోజు అందరం పెనాలెక్కించాం.

మధ్యాహ్నం బడి ముందు మీటింగుకి పోలీసులు అందర్నీ తోలుకొచ్చారు. జీపులో అమెరికా లెఫ్టినెంటు దిగాడు. పాతికేళ్లుంటాయి. ఎండకి ముక్కు కమిలిపోయి ఉంది. మా అత్తని చూసి టోపీ తీశాడు. చెడ్డవాడని చెప్పలేను. అదే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. దుబాసీ యాంగ్ కొంచెమే చెప్పాడు. "మీరు మొదటిసారి మిమ్మల్ని మీరే ఏలుకోబోతున్నారట. ఆ పద్ధతి నేర్పడానికే దొరలు అంత దూరం నుంచి వచ్చారట. ఆడవాళ్లకీ ఓటుందట. ఎవరూ బలవంతం చేయరట."

గోడవార తుపాకులు పట్టుకున్న పోలీసుల్ని చూస్తూ, నాతో సముద్రంలో మునకలేసే చున్‌సెంగ్ నా చెవిలో గొణిగింది. "బలవంతం చేయడానికి రానివాళ్లు పన్నెండు మంది, వదినా."

మున్ తాత లేచాడు. డెబ్భై దాటినవాడు, పిల్లలకి చదువు చెప్పినవాడు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడా వచ్చినవాడు. "దొరగారిని ఒక మాట అడగొచ్చా? దేశం మొత్తానికి ఓట్లు పెట్టండి, పరిగెత్తుకొచ్చి వేస్తాం. సగానికే ఎందుకు?"

యాంగ్ చెప్పాడు. లెఫ్టినెంటు మొహం వెలిగిపోయింది. ఇలా అడగడమే ప్రజాస్వామ్యమట. తాతని చూసి అందరూ నేర్చుకోవాలట. జవాబు మాత్రం పై సగం వాళ్లు ఒప్పుకోలేదన్న ఒక్క ముక్కే.

జీపెక్కబోతూ ఆయన ఆగాడు. గాలి పీల్చి నవ్వుతూ యాంగ్‌ని ఏదో అడిగాడు. ఈ కమ్మటి వాసన ఏమిటని.

"బార్లీ పిండి," అన్నాడు యాంగ్. అనేసి ఆగిపోయాడు. యాంగ్ మా దీవివాడే, పట్నంలో పెరిగాడు గానీ అమ్మ చేతి పిండి తాగి పెరిగినవాడే. కోతలయ్యాక, జూన్ చివర చేసుకునే పిండి అది. చేలో కంకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. నిరుటి గింజలు అడుగంటిన రోజుల్లో ఊరు ఊరంతా ఎందుకు వేయిస్తున్నట్టు? అతని కళ్లు ఇళ్ల చూర్ల మీదుగా కొండదారి వైపు వెళ్లడం నేను చూశాను. లెఫ్టినెంటు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. యాంగ్ మాత్రం పోలీసు సార్జంటు దగ్గరికి నడిచాడు.

సాయంత్రంలోగా ఇల్లిల్లూ సోదా చేశారు. పిండి తీసి వీధుల్లో పోశారు. కొండదారికి అడ్డంగా ముళ్లతీగ కట్టి కాపలా పెట్టారు. మున్ తాతని బడి ముందే, ఆయన ప్రశ్న అడిగిన చోటే పడేసి కొట్టారు. "దొరకి బాగా నచ్చావు గదా, ఇంకోటి అడుగు," అంటూ కొట్టారు. తాత ఏమీ అడగలేదు. నూట ఇరవై ఇళ్ల మనుషులం నిలబడి చూశాం. మీటింగుల్లో ఇప్పటి పిల్లలు నన్నడుగుతుంటారు, అప్పుడే ఎందుకు తిరగబడలేదని. పన్నెండు తుపాకులకి భయపడ్డాను. అంతకన్నా గొప్ప కారణం నా దగ్గర లేదు.

సార్జంటు మా ఆయన్ని పిలిచి అందరికీ వినపడేలా చెప్పాడు. "నూటికి తొంభై పడాలి. రానివాళ్ల ముద్రలు నీ దగ్గరే ఉన్నాయి గదా. సాయంత్రం కూర్చుని నువ్వే వేసెయ్. దొరకి లెక్క చూపించాలి."

మా ఆయన తలూపాడు.

మర్నాడు పొద్దున ఆటుకి మేం సముద్రంలో దిగాం. నత్తలకీ నాచుకీ మునకలేసే మాలాంటి ఆడవాళ్లకి ఒళ్లు కాచుకోవడానికి ఒడ్డున ఒక మంటదొడ్డి ఉంటుంది. గుండ్రంగా నల్లరాళ్ల గోడ, మధ్యలో మంట. పొగ తగలని వైపు పెద్ద మునకగత్తెలు, పొగ కొట్టే వైపు చిన్నవాళ్లు. కూర్చునే చోటుకి పెద్దా చిన్నా ఉంది గానీ మాటకి లేదు. చిన్నదాని దగ్గర మొదలై అందరూ చెప్పాకే పెద్దామె నోరు విప్పాలి. ఆ పెద్దామె మా అత్త.

"చెప్పండి," అంది అత్త, తడి జుట్టు పిండుకుంటూ.

పొగలో కళ్లు తుడుచుకుంటూ చున్‌సెంగ్ అంది, "చెప్పేదేముంది. కొండ మూసేశారు. ఊళ్లో ఉంటే జుట్టు పట్టి ఈడ్చుకుపోతారు."

"వేసేద్దామే," అంది గ్యేయోక్. చంకలో ఆర్నెల్ల బిడ్డ. "ఒక కాగితం. వేసేసి ఇంటికొచ్చి అన్నం వండుకుందాం. మున్ తాత ఒళ్లు చూశావా నువ్వు?"

"చూశాను," అంది చున్‌సెంగ్. "ఆయన వీపు కడిగింది నేనే. నీళ్లు పోస్తుంటే ఏమన్నాడో తెలుసా? అడగాల్సింది ఇంకా ఉండిపోయిందన్నాడు."

"ఆయనకి పసిబిడ్డ లేదు."

"నాకుంది. వాడు పెద్దయ్యి గీత అవతల మేనమామ ఎవరమ్మా అంటే, నేను కాగితం వేసి అమ్మేశాను నాయనా అననా?"

అప్పుడు నేను నోరు తెరిచాను. ముందుగా అనుకున్నది కాదు. "కొండ మూశారు. సముద్రాన్ని ఎవరు మూశారు?"

అందరూ నన్ను చూశారు.

"ఎర్రనాచు కోత ఏ రోజు మొదలుపెట్టాలో చెప్పేది మనం. ఆ రోజు ఊళ్లో ఆడదన్నది ఇంట్లో ఉండదు, ముసలీ ముతకా బిడ్డతల్లీ అందరూ పడవలెక్కుతారు. మా అత్త పెళ్లినాటి నుంచీ అంతే. పదో తేదీ అందాం. సముద్రం మధ్య నీటికాకుల బండ దగ్గర కోత. తెల్లారకముందే వెళ్లి పొద్దుగూకాక వద్దాం."

"సగం మగాళ్లు జపాన్లో ఉన్నారు," అంది చున్‌సెంగ్ నెమ్మదిగా. "ఊళ్లో ఓట్లలో మూడొంతుల్లో రెండొంతులు మనవే. సగం పడకపోతే ఆ ఎన్నిక చెల్లదని యాంగే అన్నాడు." పెదవి కొరుక్కుంది. "సార్జంటు వచ్చి అడిగితే, నాచు ముదిరిపోతుంది బాబూ, మీ ప్రజాస్వామ్యం ఒక్కరోజు ఆగలేదా అందాం."

పొగ వైపు నవ్వు లేచింది. గ్యేయోక్ కూడా నవ్వి, వెంటనే ఆపేసింది. "అంతా బాగానే ఉంది. మనం బండ మీద కూర్చుంటాం. మన ముద్రలు?"

అందరూ మర్యాదకి మంటనే చూస్తున్నారు గానీ ఆ చూపులన్నీ నా మీదే ఉన్నాయని నాకు తెలుసు. నేను బండ మీదున్నా, కొండ మీదున్నా, చచ్చి గోతిలో ఉన్నా, నా మొగుడు చెక్కముక్క సిరాలో ముంచి వత్తితే నేను ఓటేసినట్టే.

"నేను అడుగుతాను," అన్నాను.

"అడగొద్దు." అత్త గొంతు అది. "ముద్రలు వెయ్యనంటే వాణ్ని చంపుతారు. పోయి చావరా అని నీ నోటితో చెప్తావా? నా నోటితో చెప్పనా? మనం చేసేది మనం చేద్దాం. కోత పదో తేదీన. గ్యేయోక్, నీ బిడ్డకి నా పడవలో చోటు. ఇక లేవండి, ఆటు అయిపోతోంది."

గ్యేయోక్ బిడ్డని ఎత్తుకుని లేచింది. వద్దనలేదు. మా దొడ్డిలో అదే ఒప్పుకోవడం.

తర్వాత మా ఊరు తగలబడింది. అందులో ఎవరు మిగిలారో, ఎవరు లేరో ఇక్కడ చెప్పడం లేదు. ఇది అంతకు ముందటి సంగతి.

ఆ సాయంత్రం పొద్దుండగానే మా ఆయన ఇంటికొచ్చాడు. నలుగురం అన్నానికి కూర్చున్నాం. బార్లీ అన్నం, నాచు పులుసు, ఉప్పులో ఊరిన చేప. కిటికీలోంచి ముళ్లతీగ దగ్గర కాపలావాళ్లు కనిపిస్తున్నారు. అటుపక్క సముద్రం. రెండూ ఒకే కిటికీలోంచి కనిపించేంత ఇరుకు మా ఊరు.

"పదో తేదీన కోతట," అన్నాడాయన. "నోటీసు నన్ను రాయమన్నారు."

"రాశావా?" అంది అత్త.

"రాశాను. సార్జంటు చదివాడు. పెద్దనేల నుంచి ఓడ దిగొచ్చినవాడికి నాచు సంగతేం తెలుసు. పోనీలే, వాళ్లు లేకపోతే ముద్రలు వెయ్యడం ఇంకా సులువన్నాడు." చెంచా పులుసులో పెట్టాడు గానీ ఎత్తలేదు. "ఎవరి ఆలోచన ఇది?"

"నాది," అన్నాను.

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే నువ్వేమనేవాడివి?"

దూహ్వాకి పదిహేడేళ్లు, ఓటు లేదు, పొద్దుటి నుంచి మాట కూడా లేదు. ఇప్పుడు మాత్రం తలెత్తింది. "నాన్నా, నిన్నేదో అడగాలనుంది వీళ్లకి. అడగడం లేదు. అందుకే ఈ చేప ఎవరూ ముట్టుకోవడం లేదు."

"నోర్ముయ్యవే," అంది అత్త. ఆ మాటలో కోపం లేదు. చేప మధ్య ముక్క తీసి కొడుకు గిన్నెలో పెట్టింది.

నాకు ముద్రలు వెయ్యొద్దని అడగాలనే ఉంది. ఇంకో మాట అనాలని కూడా అంతే ఉంది. వెయ్యి, అందరి ముద్రలూ వేసెయ్, ప్రాణంతో ఇంటికి రా అని కాళ్లు పట్టుకోవాలని ఉంది. రెండో మాట అంటే మళ్లీ మంటదొడ్డిలో కూర్చోలేను, మొదటిది అంటే ఈయన మొహం చూడలేను. అన్నం నమిలాను. మట్టిలా ఉంది.

ఆయన చేప ముక్క తిన్నాడు. ముల్లు తీసి గిన్నె అంచున పెట్టాడు. నీళ్లు తాగాడు. ఆఫీసులో పేర్ల వరస చదివేటప్పటి గొంతు ఆయనది, హెచ్చూ ఉండదు తగ్గూ ఉండదు. ఆ గొంతుతోనే మొదలుపెట్టాడు.

"నేను కొండెక్కను. పడవా ఎక్కను. నేను లేకపోతే బల్ల దగ్గర ఇంకొకణ్ని కూర్చోబెడతారు, వాడు వేసేస్తాడు. అందుకని నేనే కూర్చుంటాను. వచ్చిన మనిషి ముద్ర వేస్తాను. రాని మనిషిది వెయ్యను. సాయంత్రం దొర అడిగితే రాలేదని చెప్తాను. ఆ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో ఎలా అనాలో మున్ తాత దగ్గర నేర్చుకుని వచ్చాను, యాంగ్ నోటితో పని లేకుండా."

అత్త చెంచా కింద పెట్టింది.

"అమ్మా, నీ ముద్ర కూడా వెయ్యను," అన్నాడు.