అభ్యంతరం ఉన్నవారు

పత్రికలో కోర్టు నోటీసు పడిన మర్నాటి నుంచే పిల్లల ఇంటికి చుట్టాలు రావడం మొదలుపెట్టారు.

మెదక్‌లో పెద్ద చర్చి వైపు పోయే దారిలో ఉండేది ఆ ఇల్లు. పెంకుల కప్పు, ముందు వరండా, లోపల ఇరవై మంది దాకా అనాథ పిల్లలు. ఎలిశిబా అక్కడ పెద్ద ఆయా. కరువు సాలున ఒకనాడు తెల్లారేసరికి ఆ వరండాలో దుప్పటి ముక్కలో చుట్టి ఎవరో వదిలిపోయిన ఆడపిల్లను ఎత్తుకున్నది ఆమే. సలోమి అని పేరు పెట్టారు. ఇప్పుడా పిల్లకు మూడో ఏడు నడుస్తోంది. స్వీడన్ దేశం నుంచి లెన్నార్ట్, ఇంగ్రిడ్ అనే దంపతులు వచ్చి, సలోమిని పెంచుకుంటామని సంగారెడ్డి జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టారు. పిల్ల తల్లిదండ్రులు ఎవరో తెలియదనీ, అభ్యంతరం ఉన్నవారు ఫలానా తేదీన హాజరు కావాలనీ కోర్టు వారు పత్రికలో వేయించారు.

దొరలు పిల్లను కొంటున్నారని బజారంతా పాకింది. తూప్రాన్ నుంచి ఒకామె వచ్చి వరండాలో కూలబడి, చచ్చిపోయిన చెల్లెలి బిడ్డ అంటూ శోకాలు పెట్టింది. కాసేపటికి ఏడుపు ఆపి, "పోరడేడి?" అని అడిగింది. ఆడపిల్లను పోరడంటున్న ఆమెకు ఎలిశిబా గేటు తీసి పట్టుకుంది.

ఆమెకు స్వీడన్ వాళ్ళ మీదా నమ్మకం లేదు. సముద్రాలు దాటి వచ్చి, నల్లటి పిల్ల కోసం ఇంత డబ్బు తగలేసేవాళ్ళకు లోపల ఇంకేదో ఉద్దేశం ఉండకపోతుందా అనుకునేది. ఇంగ్రిడ్ పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే తలుపు పక్కన నిలబడి చూస్తూ ఉండేది. ఆ దొర రైలుపెట్టెల కార్ఖానాలో పనివాడనీ, ఆమె బడి పంతులమ్మ అనీ, ఈ ప్రయాణానికి బ్యాంకులో అప్పు తీశారనీ పిల్లల ఇల్లు నడిపే కరుణాకర్ అయ్యగారు చెప్పాడు. తెల్లదొరలు అప్పు చేస్తారంటే ఆమె నమ్మలేదు.

అలాంటప్పుడే గాలయ్య వచ్చాడు.

రేగోడ్ వైపు మనిషి. ముప్పై దాటి ఉండవు గానీ బుగ్గలు లోపలికి పోయి పెద్దవాడిలా ఉన్నాడు. ఏడవలేదు, అరవలేదు. గేటు బయట మురుగు నీళ్ళ మోరీ గట్టు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి ఎలిశిబా ఉండబట్టలేక బయటికి వెళ్ళింది.

"ఏం గావాలె నీకు?"

"గా పిల్ల నా బిడ్డమ్మా."

"అందరు గదే అంటుండ్రు. పిల్లను ఏంల సుట్టి పెట్టినవో చెప్పు."

"ఎర్రంచు నల్ల దుప్పటి ముక్కల."

దుప్పటి సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. ఎలిశిబా పెదవి విరిచింది. వెనక్కి తిరగబోతుంటే అతను మళ్ళీ అన్నాడు.

"బొడ్డు సుట్టు వాతలుంటయి. పుట్టిన నెలకు కడుపుబ్బితే మా అవ్వ పెట్టింది. మూడు పెట్టింది. నాలుగోది పెడతాంటే నేనే చెయ్యి వట్టి ఆపిన."

ఎలిశిబా మళ్ళీ ఇటు తిరిగింది. ఆ వాతల గురించి ఆమె ఎవరితోనూ అనలేదు. సలోమికి మొదటి రోజు నుంచీ స్నానం చేయిస్తున్నది ఆమె ఒక్కతే. అయినా మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"ఇన్ని దినాలు యాడ వోయినవ్? దొరలొచ్చినంక బిడ్డ యాదికొచ్చిందా?"

గాలయ్య తల వంచుకున్నాడు. దాంతో ఆమె అనుమానం ఇంకా గట్టిపడింది.

ఆమె వాతల సంగతి చెప్పగానే కరుణాకర్ సంగారెడ్డికి కబురు పంపాడు. సాయంత్రం బస్సుకు, దొరల దరఖాస్తు వేసిన వకీలు మదన్ మోహన్ దిగాడు. కాఫీ తాగుతూ అంతా విని, కప్పు కింద పెట్టాడు.

"చూడండ్రి అయ్యగారూ, తల్లిదండ్రులు తెలువదని మనం అఫిడవిట్ ఇచ్చినం. రేపు వీడు కోర్టుల నిలవడి నేను తండ్రినంటే అది ఝూటా అయితది. దరఖాస్తు వాపస్. మళ్ళ కొత్త పిటిషన్, మళ్ళ స్టాంపులు, మళ్ళ పత్రికల నోటీసు. డాక్టర్ సర్టిఫికేటుకు మియాదు దాటిపోతది. ఆ దేశం కాగితాలన్నీ మళ్ళ తెప్పియ్యాలె, మళ్ళ తర్జుమా చేపియ్యాలె. ఆ దొర సెలవు వచ్చే వారంతోని ఖతం. మళ్ళ విమానం టికెట్లు ఎవరు కొంటరు?"

"మరి నిజంగ తండ్రి అయితే?" అన్నాడు కరుణాకర్.

"అయితే ఏమాయె? బిడ్డను సాదుతడా? తిండి లేకనే కద పారేసిపోయిండు. కొంచెం ఏమన్న చేతుల పెట్టి పంపియ్యుండ్రి. పిల్ల బాగుపడుతది."

అతను చెప్పింది తప్పనిపించలేదు. సరిగ్గా అందుకే ఎలిశిబాకు నచ్చలేదు. ఈ చేతిలో పెట్టేది కూడా దొరల లెక్కలో రాసి, దాని మీద మరింత వేసి వసూలు చేస్తాడేమో అనిపించింది. కరుణాకర్ బీరువా తీసి నోట్లు ఆమె చేతికిచ్చాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఎలిశిబా ఆ నోట్లు పట్టుకుని మోరీ దగ్గరికి వెళ్ళింది.

"ఇగో, ఇవి దీస్కొని ఊరికి పో. మళ్ళ రాకు."

గాలయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దమ్మా. తీస్కుంటే పిల్లనమ్ముకున్నడంటరు."

"ఇవి సాలవా? ఇంకెంత గావాలె?"

"పైసల్ గాదు. బస్‌స్టాండుల సాయబు పేపరు సదివి సెప్పిండు. అమ్మ అయ్య తెలువదని రాసిండ్రంట గద. ఎందుకు తెలువదు? అయ్య గాలయ్య, అమ్మ ఆగమ్మ. గది రాయుండ్రి. తర్వాత పిల్లను తీస్కపోతే తీస్కపొమ్మనుండ్రి."

"గంతేనా?"

"గంతే."

ఆమె నమ్మలేదు. ఇప్పుడు వద్దంటే రేపు కోర్టులో దొరల ముందు ఎక్కువ పలుకుతుందని లెక్క వేసుకున్నాడనుకుంది. నోట్లు తెచ్చి కరుణాకర్ బల్ల మీద పెట్టేసింది.

విచారణ నాడు సంగారెడ్డి కోర్టు వరండాలో మదన్ మోహన్ ఆమెను పక్కకు పిలిచాడు. "జడ్జి అడిగితే ఆ గాలయ్యను ఎన్నడు చూడలేదని చెప్పు, సరిపోతది" అన్నాడు. దూరంగా బెంచీ మీద ఇంగ్రిడ్ సలోమికి అరటిపండు వలిచి పెడుతోంది. పిల్ల సగం తిని, మిగతా సగం ఆమె నోట్లో కుక్కుతోంది.

అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉన్నారా అని పిలిచినప్పుడు గాలయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు.

జడ్జి అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు. "నిన్ను ఎవరు పంపారు? ఎంత ఇస్తామన్నారు?"

"ఎవలు పంపలే దొరా. నా బిడ్డ అని చెప్పనీకె వచ్చిన."

జడ్జి ఎలిశిబాను పిలిచాడు. బైబిలు మీద చెయ్యి పెట్టించారు. ఈ మనిషి పిల్ల తండ్రి అని నువ్వు నమ్ముతున్నావా అని అడిగాడు. మదన్ మోహన్ గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఇంగ్రిడ్ రెండు చేతులూ ముడుచుకుని, ఒక్క మాటా అర్థం కాకుండా, ఆమె మొహాన్నే చూస్తోంది. అబద్ధమాడితే ఈ పిల్ల ఇవాళే వీళ్ళదవుతుంది. నిజం చెబితే ఎన్నటికీ కాకపోవచ్చు.

"నేను ఎవల్ని నమ్మను దొరా," అంది ఎలిశిబా. "గని పిల్ల కడుపు మీద వాతలున్నయని తానం పోసే నాకు తప్ప ఎవలికి ఎర్క లేదు. నేను ఎవలికి సెప్పలే. ఈయన నేనడగకముందే ఎన్నున్నయో సెప్పిండు."

దరఖాస్తు తిప్పి పంపించారు. తండ్రి సమ్మతితో కొత్తగా పెట్టుకోమన్నారు.

బయటికి రాగానే మదన్ మోహన్ ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఇంగ్రిడ్ మొహం పాలిపోయింది. గాలయ్య వైపు చెయ్యి చూపిస్తూ కరుణాకర్‌ను గట్టిగా ఏదో అడిగింది.

"ఏమంటుంది?" అంది ఎలిశిబా.

కరుణాకర్ ఇబ్బందిగా చెప్పాడు. "ఈయనకు ఎంత కావాల్నో అడుగుతుంది. అందరం కలిసి తమను మోసం చేస్తున్నమా అంటుంది."

తానూ అదే ప్రశ్న ఇన్నాళ్ళుగా అడుగుతూనే ఉంది. ఇంకొకరి నోట వింటే మాత్రం ఎలిశిబాకు ఒళ్ళు మండింది.

"ఏం వద్దంట అని చెప్పుండ్రి. ఇద్దరి పేర్లు రాస్తే సాలంట."

కరుణాకర్ చెప్పాడు. ఇంగ్రిడ్ నమ్మినట్టు కనిపించలేదు. లెన్నార్ట్ మాత్రం మెట్ల మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. అతని చొక్కా మోచేతి దగ్గర చిరిగితే కుట్టి ఉంది. ఆ కుట్టు చూశాకే ఎలిశిబాకు, అప్పు మాట నిజమేనేమో అనిపించింది.

తిరుగు బస్సులో గాలయ్య ఆమె వెనక సీట్లో కూర్చున్నాడు. నర్సాపూర్ దాటి అడవి మొదలయ్యాక ఆమె వెనక్కి తిరిగింది.

"నిజం చెప్పు. ఎందుకు పారేసినవ్?"

"పారెయ్యలే అమ్మా. ఆగమ్మ సచ్చిపోయింది. ఎడ్లు సచ్చినయి. పాలకు దిక్కు లేదు. మీ ఇల్లు సూసిన. ఊకెనే పెట్టిపోలే. రెండు దినాలు గా మోరీ మీదనే కూసోని సూసిన, పిల్లలను కొడతరా, కడుపుకు పెడతరా అని. పాలల్ల నీళ్ళు కలిపిండని మీరు పాలాయనను బజార్ల నిలవెట్టి తిట్టిండ్రు. ఈడ పెట్టచ్చు అనుకున్న."

ఎలిశిబా మళ్ళీ ముందుకు తిరిగి కూర్చుంది. తనను ఎవరైనా అలా కాచి చూసి ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు. మెదక్‌లో దిగేముందు, "రేపు పొద్దుగాల వచ్చి అన్నం దిని పో," అంది.

స్వీడన్ వాళ్ళు వెళ్ళిపోయారు. మళ్ళీ రారని ఎలిశిబా అనుకుంది. కానీ కాగితాలు మాత్రం ఒక్కొక్కటే రాసాగాయి. కరుణాకర్ వేరే వకీలును చూశాడు. స్టాంపులు, తర్జుమాలు, నోటీసు, అన్నీ మొదటి నుంచి జరిగాయి. మరుసటి చలికాలంలో ఇంగ్రిడ్ ఒక్కతే వచ్చింది. ఇద్దరికి టికెట్లు కొనలేకపోయారట.

ఈసారి కోర్టులో జడ్జి గాలయ్యను పదే పదే అడిగాడు. నీకు వీళ్ళేమైనా ఇచ్చారా, దాచకుండా చెప్పు అన్నాడు.

"ఇచ్చిండ్రు దొరా," అన్నాడు గాలయ్య.

చివరికి అననే అన్నాడు అనుకుంది ఎలిశిబా.

"బస్సు కిరాయి ఇచ్చిండ్రు. పొద్దుగాల చాయ తాగిపిచ్చిండ్రు."

జడ్జి ఆ మాటలు అలాగే రాయించాడు. తండ్రి గాలయ్య, తల్లి కీ.శే. ఆగమ్మ అని ఉత్తర్వులో రాశారు. ఇంగ్రిడ్‌ను పిల్లకు గార్డియన్‌గా నియమించి, దేశం దాటించడానికి అనుమతిచ్చారు.

పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు పిల్లకు మీరు పెట్టుకున్న పేరేమిటని ఇంగ్రిడ్ అడిగించింది. పోచవ్వ అన్నాడు గాలయ్య. చర్చి కాగితాల్లో సలోమి అని ఉంటే మధ్యలో గ్రామదేవత పేరు ఎలాగని కరుణాకర్ కలం ఆపాడు.

"రాయుండ్రి అయ్యగారూ," అంది ఎలిశిబా. "రెండు రాయుండ్రి."

వెళ్ళే రోజు హైదరాబాదు నుంచి టాక్సీ వచ్చింది. గాలయ్య కూతుర్ని ఎత్తుకోబోతే పిల్ల బెదిరి ఎలిశిబా కొంగు పట్టుకుంది. అతను చేతులు దించేసి, ఇంకోసారి ప్రయత్నించలేదు. ఇంగ్రిడ్ అది చూసింది. పిల్లను తనే ఎత్తుకుని అతని పక్కన నిలబడి, తన కెమెరా కరుణాకర్ చేతికిచ్చింది. ఫోటో తీసేంతసేపూ గాలయ్య పిల్ల కాలి బొటనవేలు పట్టుకుని ఉన్నాడు.

ఎలిశిబా డ్రైవరు పేరు అడిగింది, ఇల్లెక్కడో అడిగింది. టాక్సీ నంబరు రాసిపెట్టుకోమని కరుణాకర్‌కు చెప్పింది. ఆ తర్వాతే తలుపు వేయనిచ్చింది.

కారు మలుపు తిరిగాక గాలయ్య అడిగాడు. "గాడ మస్తు సలి ఉంటదంట గద?"

"ఉన్ని అంగీలు తెచ్చింది. నేను సూసిన," అంది ఎలిశిబా.

అతను తల ఊపి, రేగోడ్ బస్సు కోసం బస్‌స్టాండు వైపు నడిచాడు.