సెమ్మె బొజ్జలో స్వామి

నానిన చింతపండును ఇటుకపొడిలో అద్ది, కొబ్బరి పీచుతో అంజినమ్మ దీపపు సెమ్మెను తోముతూనే ఉంది. మిగిలిన పళ్లేలూ చెంబులూ అప్పటికే ఎండలో బోర్లించి ఉన్నాయి. పులుపుకు పగిలిన ఆ వేళ్లు మంట అనేదాన్ని ఎప్పుడో మరిచిపోయాయి.

ఎమ్మిగనూరులో మగ్గం నేసిన భర్త పోయాక ఆమె ఆదోని వచ్చి, వర్తకుల వీధిలోని వేణుగోపాలస్వామి గుడిలో పనికి కుదిరింది. ఆమె చోటు మండపం పక్కన కుళాయి గట్టు. అక్కడి నుంచి గర్భగుడి కనిపించదు, స్తంభం అడ్డు. కానీ గడప పక్కన నిలబెట్టే ఇత్తడి సెమ్మెను బాగా తోమితే, దాని గుండ్రటి బొజ్జలో స్వామి చిటికెనవేలంత రూపంతో కనిపిస్తాడు. తోమడం, చూడటం. ఆమె భక్తి అంతే. అంతకు మించి ఏనాడూ అడగలేదు.

అడిగేవారు వేరే ఉన్నారు. పత్తి వ్యాపారి బాలకృష్ణ ఆ ఏడు తన ఇంటికి రెండో కారు, స్వామికి వెండి తలుపులు, రత్నాల కిరీటం కొన్నాడు. కొనడానికి ఇంకేమీ తోచక సెమ్మెకు బంగారు పూత వేయించాడు. ఏ లోటూ లేనివాడని తాము నిత్యం పొగిడే దేవుడికే మనుషులు ఎడతెగకుండా వస్తువులు కొంటారు. వాటి మీద తమ పేరు రాయించడం మాత్రం మరిచిపోరు. బాలకృష్ణ పేరు సెమ్మె బొజ్జ మీద నల్లటి అక్షరాలతో వెలిసింది.

నిన్న సాయంత్రం సెమ్మె తిరిగివచ్చినప్పుడు అంజినమ్మ గట్టు మీద నుంచి ఆశగా చూసింది. స్వామి ఎదకు అడ్డంగా నల్లటి గీతలు. చదువు రాని ఆమె వాటిని మసి అనుకుంది. ఈ ఉదయం పూజారి సేతుమాధవరావు, పూత పోతుంది తోమించవద్దని బాలకృష్ణ చెప్పిన మాట మరిచి, అలవాటు చొప్పున సెమ్మెను కూడా పూజసామాన్లతో పాటు తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"ఎవురు తోమినారో గానీ సామీ, మసి పోగొట్టనే రాలేదు వాళ్లకి," అంది అంజినమ్మ.

ఆయన మంత్రం మధ్యలో ఉన్నాడు. తలూపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి సెమ్మె మళ్లీ గడప పక్కకు చేరింది. సాయంత్రం బంధువులను వెంటబెట్టుకుని వచ్చిన బాలకృష్ణ స్వామి వైపు తిరగనైనా లేదు.

"నా పేరు యాడప్పా?" అన్నాడు. బంగారం సంగతి ఆ తర్వాత అడిగాడు.

సేతుమాధవరావు ముఖం పాలిపోయింది. గట్టు మీద నుంచి అంజినమ్మే సంబరంగా జవాబిచ్చింది: "అదంతా మసి సావుకారీ! నేనే పోగొట్టినా. సూడు, ఎట్ల మెరుస్తాండాదో!"

"మసా? నా పేరు మసా?"

బంధువుల్లో ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అది బాలకృష్ణ కంటపడింది.

"రేపట్నుంచి నువ్వు గుడికాడికి రావద్దు!"

"రేపటి సంగతి రేపు సూద్దాంలేప్పా," అంది ఆమె. "ఈ పొద్దు సామి బాగ కనబడతాండాడు."

హారతి వెలిగింది. అంజినమ్మ గోడకు ఆనుకుని, అరచెయ్యి ఒడిలో తెరిచి పెట్టుకుని, సెమ్మె వైపే చూస్తూ కూర్చుంది. ఇత్తడి బొజ్జలో మంట కదిలింది. దాని వెనక, చిటికెనవేలంత స్వామి, ఏ గీతా లేకుండా.

అందరికీ తీర్థం ఇచ్చి సేతుమాధవరావు చివరగా గట్టు దగ్గరికి వచ్చాడు. "అంజినమ్మా, తీర్థం," అని ఆ చేతిలో పోశాడు. చెయ్యి ముడుచుకోలేదు, రెప్ప పడలేదు. నీళ్లు పగిలిన వేళ్ల సందుల్లోంచి ఒడిలోకి జారిపోయాయి. ఆమె ముఖంలోని తృప్తి మాత్రం చెదరలేదు.

కుళాయి పక్కన కొబ్బరి పీచు ఆరుతోంది. దాని పోగుల్లో అక్కడక్కడా బంగారం.